జ్వరం సెలవు, ఇసుక బస్తా

శుక్రవారం పొద్దున్న ప్రథమేశ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు జ్వరమని చెప్పాలి, ఒక మేస్త్రిని పట్టుకొచ్చి ఇంట్లో మోరీ బాగు చేయించాలి, మధ్యాహ్నం కడుపునిండా తిని పడుకోవాలి. ఇందులో మొదటిది అప్పటికే అయిపోయింది. పక్క మీద నుంచి లేవకుండానే నుదుటి మీద తడిగుడ్డ వేసుకుని ఫోటో తీసుకుని యజమానికి పంపాడు. అది వాళ్లమ్మ గిన్నెలు తుడిచే గుడ్డ. ఫోటోలో ఆ సంగతి తెలియదు.

మోరీ అంటే ఏమిటో బంబైలోని కామాటిపుర చాళ్లలో, గదికో కుటుంబం ఉండే ఆ పాత భవనాల్లో, పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. ఇల్లంతా కలిపి ఒకటే గది. ఆ గదిలోనే ఒక మూల చిన్న గట్టు కట్టి, కొళాయి పెట్టుకుంటే అది మోరీ. స్నానాలు, అంట్లు, బట్టలు, అలిగినప్పుడు అటు తిరిగి కూర్చోవడం, అన్నీ అక్కడే. ప్రథమేశ్ వాళ్ల మోరీకి పగులు వచ్చి వారమైంది. ఆ నీళ్లు సరిగ్గా కింది గదిలో ఉన్న శివరాం టీవీ మీద పడుతున్నాయి. శివరాం ప్రథమేశ్ తల్లి రత్నాబాయికి వరసకు తమ్ముడు, నెమ్మదైన మనిషి. టీవీకి గొడుగు పట్టుకుని రెండు రోజులు చూశాడు. మూడో రోజు పైకి వచ్చాడు.

"అక్కా, వాన సీరియల్ల పడుతుందో ఇంట్ల పడుతుందో నాకు సమజైతలేదు," అన్నాడు. అంతకంటే గట్టిగా తిట్టడం ఆయనకు చేతకాదు. ఆ మాటకు రత్నాబాయికి సిగ్గేసింది. శుక్రవారం మోరీ అయి తీరాలని కొడుక్కి హుకుం జారీ చేసింది.

ఇంత చిన్న పనికి జ్వరం ఎందుకూ అంటే, అది యజమాని హితేష్‌భాయ్ వల్ల. దాదర్‌లో ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో ఆయనకు లారీల బుకింగు ఆఫీసు ఉంది. సెలవుకు ఆయన ఒప్పుకునే కారణం లోకంలో ఒక్కటే, జ్వరం. ఇంట్లో పెళ్లంటే సాయంత్రానికి పెట్టుకోమనేవాడు. మోరీ కారుతోందంటే బకెట్ పెట్టుకోమనేవాడు. అయితే దొంగ జ్వరమంటే ఆయనకు ఒళ్లు మంట. ఆ మధ్య జ్వరమని సెలవు పెట్టిన ఒక కుర్రాడు చౌపాటీలో భేల్‌పూరీ తింటూ కనబడితే, పొట్లం చేతిలో ఉండగానే ఉద్యోగంలోంచి తీసేశాడు.

ప్రథమేశ్‌కు ఆరు నెలల ప్రొబేషన్ సోమవారంతో ముగుస్తుంది. ఆ రోజు హితేష్‌భాయ్ సంతకం పెడితే ఉద్యోగం ఖాయం. ప్రథమేశ్ తాతా తండ్రీ ఇద్దరూ తాపీ పనివాళ్లు. ఆ వంశంలో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం దొరికింది మొదట ఇతనికే. రత్నాబాయి ఆ కుర్చీ గురించి చాల్ అంతా చెప్పుకుంది. దానికి చక్రాలున్నాయని కూడా చెప్పింది. కాబట్టి ఆ అబద్ధం బయటపడితే పోయేది ఒక్క ప్రథమేశ్ పరువు కాదు.

మేస్త్రి కోసం ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరుతున్న కొడుకును రత్నాబాయి గుమ్మంలోనే ఆపింది.

"గట్ల సాబ్ లెక్క పోతే నాకా మీద డబల్ రేటు జెప్తరు. మీ నాయిన చెడ్డీ ఏస్కో, పాత బనీన్ ఏస్కో. గీ తాపీ చేతుల పట్కొని పో. మనోడే అని అడ్డగోలుగ అడగరు."

"అమ్మా, గిట్ల పోవాలంటే శరమైతది."

"తాపీ పట్కొనుడు శరమా? మీ తాత గిదే తాపీతోని సగం బంబై కట్టిండు. నువ్వు గది పట్కొని గల్లీ దాటలేవా?"

సగం బంబై సంగతి అటుంచితే, తాత తాపీ ఎప్పుడో పోయింది. ఇప్పుడున్నది శివరాం అరువిచ్చింది. అయినా అమ్మతో వాదించి గెలిచిన చరిత్ర ప్రథమేశ్‌కు లేదు. ఫోన్ చెడ్డీ జేబులో వేసుకుని, తాపీ చేత్తో పట్టుకుని, తెలిసినవాళ్లు కనబడకుండా గోడవార నడుచుకుంటూ ఫాక్‌లాండ్ రోడ్డు మలుపులో కూలీలు నిలబడే నాకాకు చేరాడు.

నాకా మీద ఒక పద్ధతి ఉంది. పనిముట్టు సంచిలో ఉంటే ఆ మనిషికి పని కుదిరినట్టు. చేతిలో ఉంటే ఇంకా ఖాళీగా ఉన్నట్టు. కాంట్రాక్టర్లు మొహాలు చూడరు, చేతులు చూస్తారు. పాలమూరు నుంచి నిన్న సాయంత్రం దిగిన కూలీకి కూడా ఈ సంగతి తెలుసు. మూడు తరాలుగా కామాటిపురలో ఉంటున్న ప్రథమేశ్‌కు మాత్రం తెలియదు.

వాళ్లమ్మ చెప్పినట్టే తాపీ పనిచేసింది. పెంటయ్య అనే పాలమూరు మేస్త్రి ఇతన్ని చూడగానే తెలుగువాడని పోల్చుకుని దగ్గరికి పిలిచి, పని ఏమిటో విన్నాడు.

"మోరీయేనా తమ్మీ? గంట పని. చాయ్ తాగి పోదం పా."

ఆ చాయ్ సగంలో ఉండగా ఒక టెంపో వచ్చి ఆగింది. కాంట్రాక్టరు కిందికి దిగకుండానే, దాదర్‌లో బాత్రూమ్ పని, నలుగురు కావాలి, సగం రోజు, అని అరిచాడు. పెంటయ్య కళ్లు మెరిశాయి. సంచి భుజాన వేసుకుని, "మద్యాన్నం దాంక ఆగు తమ్మీ. ఆనంక నీ మోరీ జేస్త," అన్నాడు.

"అట్ల కాదన్నా. నువ్వు పోతే మల్ల దొరకవు."

"నమ్మకం లేకుంటే నువ్వు గూడ నడువు. నీ కండ్ల ముంగట్నే ఉంట, ఏడికి పోత?"

ప్రథమేశ్‌కు ఇది సబబుగానే తోచింది. చేతికి చిక్కిన మేస్త్రిని వదిలితే శివరాం గొడుగు ఇంకో వారం విప్పి ఉంటుంది. అతను ఆలోచిస్తుండగానే కాంట్రాక్టరు అతని చేతిలోని తాపీని చూశాడు, నాలుగోవాడు దొరికాడనుకున్నాడు, బనీను పట్టుకుని టెంపో ఎక్కించాడు. ఇసుక బస్తాల మీద కూర్చుని ప్రథమేశ్ తనకు తానే ధైర్యం చెప్పుకున్నాడు. దాదర్ అంటే ఏమైనా చిన్న ఊరా? అందులో ఎన్ని బిల్డింగులు లేవు?

టెంపో అతని ఆఫీసు బిల్డింగు ముందే ఆగింది.

దూకి పారిపోదామనే అనుకున్నాడు. కాలు కింద పెట్టబోతుంటే ఎదురుగా ఒక టాక్సీ ఆగింది. అందులోంచి మేఘా దిగింది. ఆఫీసులో హాజరు, సెలవులు, లేట్ మార్కులు అన్నీ చూసేది ఆవిడే. ప్రథమేశ్‌కు దాక్కోవడానికి చోటు లేదు. చేతికందిన ఇసుక బస్తా ఎత్తి నెత్తిన పెట్టుకుని, దాని అంచు మొహం మీదికి లాక్కున్నాడు. మేఘా పక్కనుంచి వెళ్లిపోయింది. బతికిపోయాననుకున్నాడు కానీ, నెత్తిన బస్తా ఉన్నవాడికి ఈ లోకంలో ఒకటే దారి ఉంటుంది. వెనక నుంచి కాంట్రాక్టరు ఆ దారి చూపించాడు.

లిఫ్టు దగ్గర వాచ్‌మన్ అడ్డంగా చెయ్యి చాపాడు. రోజూ ఇదే వాచ్‌మన్ ఇదే చేత్తో ప్రథమేశ్‌కు సలాం కొడతాడు. "మెట్లెక్కి పొండి, కూలీలకు లిఫ్టు లేదు." ప్రథమేశ్ మూడు అంతస్తులు ఎక్కాడు. రెండో అంతస్తులో దంతవైద్యుడి గది పైకప్పు మీద పెద్ద తడి మరక కనిపించింది. హితేష్‌భాయ్ ఆఫీసు బాత్రూమ్ ఆ డాక్టరు నెత్తిన కారుతోందన్నమాట. మోరీ కారితే బకెట్ పెట్టుకోమనే మనిషి, డాక్టరు కోర్టుకు పోతాననేసరికి మేస్త్రిని పిలిపించాడు.

మూడో అంతస్తు చేరేసరికి ప్రథమేశ్‌కు కళ్లు బైర్లు కమ్మాయి. మెడ ఎక్కడుందో తెలియడం లేదు. అలాంటి సమయాల్లో మనిషిని నడిపించేది అలవాటే. ఆరు నెలలుగా రోజూ చేసినట్టే, తలుపు పక్కనున్న హాజరు మెషిన్ మీద కుడి బొటనవేలు పెట్టాడు. మెషిన్ తియ్యగా "థాంక్యూ" అంది. తలుపు తెరుచుకుంది.

వెనకనున్న పెంటయ్య నోరు తెరిచాడు. "నీ ఏలుకు తలుపు తెరుసుకున్నదేందిర బై?"

ప్రథమేశ్ తన బొటనవేలి వైపు చూసుకున్నాడు. జ్వరంతో ఇంట్లో పడుకున్న మనిషి ఆఫీసులో హాజరైపోయాడు.

లోపల మొహానికి తువ్వాల చుట్టుకుని పనిలో దిగాడు. పెంటయ్య టైల్స్ పగలగొడుతుంటే, పెచ్చులు తట్టకెత్తి మూడంతస్తులు దించి రావడం ఇతని వంతు. కింద టెంపో దగ్గర కాంట్రాక్టరు కాపలా ఉన్నాడు, పారిపోయే వీల్లేదు. దారి అంతా ఆఫీసు మధ్యనుంచే. ఆగితే ఎవరైనా మొహం చూస్తారు. కాబట్టి ప్రథమేశ్ ఎక్కడా ఆగలేదు. మిగతా ఇద్దరు కూలీలు బీడీకి ఆగారు, నీళ్లకు ఆగారు, ఊరికే కూడా ఆగారు. ఇతను మాత్రం తట్టతో పరిగెత్తుతూనే ఉన్నాడు. తన చక్రాల కుర్చీ పక్కనుంచే వెళుతున్నాడు. అకౌంట్లు రాసే కాజల్ దాని మీద తన చేతిసంచి, టిఫిన్ డబ్బా, ఎండబెట్టిన దుపట్టా పెట్టుకుంది. ఒక్కరోజు లేకపోతే కుర్చీకి ఈ గతి పడుతుందా అని అతనికి మనసు చివుక్కుమంది.

అద్దాల గదిలోంచి హితేష్‌భాయ్ ఇదంతా చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ ఫోన్ తీశాడు. ఇక్కడ ఒక మాట. ఆ ఆఫీసులో అందరూ హిందీ, మరాఠీ, గుజరాతీ కలిపి మాట్లాడతారు. అది అలాగే రాస్తే కథ ముందుకు పోదు. అందుకని తెలుగులో చెబుతున్నాను.

బాత్రూములో ప్రథమేశ్ జేబు వణికింది. తలుపు దగ్గరికి వేసి, గొంతు బొంగురు చేసుకుని, "హలో సార్," అన్నాడు.

"జ్వరం ఎలా ఉంది?"

"ఎక్కువగానే ఉంది సార్. ఒళ్లంతా నొప్పులు." ఇది అక్షరాలా నిజం.

"ఏమిటా చప్పుడు?"

"చాల్‌లో రిపేరు సార్."

"ఇక్కడా అదే గోల. ఉండు." హితేష్‌భాయ్ ఫోన్ పక్కకు పెట్టి బాత్రూమ్ వైపు అరిచాడు. "ఏయ్! రెండు నిమిషాలు ఆపండి!"

పెంటయ్య సుత్తి ఆపాడు. హితేష్‌భాయ్ ఫోన్ మళ్లీ చెవికి పెట్టుకుని, "మీ దగ్గర కూడా ఆగిందే?" అన్నాడు.

"చాయ్‌కి వెళ్లారు సార్."

"సరే, నాసిక్ లారీ కాగితాలు ఎక్కడ పెట్టావు?"

"నా టేబుల్ రెండో సొరుగులో సార్."

హితేష్‌భాయ్ లేచి ఆ టేబుల్ దగ్గరికి నడిచాడు. తలుపు సందులోంచి ప్రథమేశ్‌కు అంతా కనబడుతోంది. "లేవయ్యా ఇక్కడ!"

"అది మొదటి సొరుగు సార్. దాని కిందది."

హితేష్‌భాయ్ చెయ్యి సొరుగులోనే ఆగిపోయింది. "నేను ఏది తెరిచానో నీకెలా తెలుసు?"

ప్రథమేశ్ తలుపు సందు దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు. "అందరూ... ముందు మొదటిదే తెరుస్తారు సార్."

కాగితాలు దొరికాయి కాబట్టి హితేష్‌భాయ్ అంతటితో వదిలేశాడు. అప్పుడే మేఘా వచ్చింది. "సార్, ప్రథమేశ్ ఎక్కడ? మెషిన్లో హాజరు పడింది. మనిషి కనబడడం లేదు."

"వాడింట్లో జ్వరంతో మూలుగుతున్నాడు. ఇప్పుడే మాట్లాడాను."

"మరి వేలు ఎవరు పెట్టారు?"

ఇలాంటి ప్రశ్న పడ్డాక ఏ ఆఫీసులోనైనా లారీలు ఆగిపోతాయి. అందరూ కెమెరా రికార్డింగు చూడ్డానికి మూగారు. తెర మీద ఒక బస్తా వచ్చింది. బస్తా కింద రెండు కాళ్లు ఉన్నాయి. బస్తా పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి మెషిన్ మీద బొటనవేలు పెట్టింది. తలుపు తెరుచుకుంది. హితేష్‌భాయ్ దాన్ని మళ్లీ మళ్లీ వేయించి చూశాడు.

"కూలీవాడి వేలుకు తలుపు తెరుచుకుంది," అన్నాడు చివరికి. "అంటే మెషిన్ పాడైంది. ఎవడు వేలు పెట్టినా ఎవరిదో ఒకరి హాజరు వేసేస్తోంది."

ఆ మాట అనకుండా ఉండవలసింది. కాజల్ మెల్లిగా ముందుకొచ్చింది. "అయితే సార్, నాకు పడ్డ లేట్ మార్కులు కూడా ఆ మెషిన్ పొరపాటే అయ్యుంటాయి." ఆమె వెనక ఇంకొకరు, వాళ్ల వెనక ఇంకొకరు. ఆ ఆఫీసులో మూడు లేట్ మార్కులకు ఒక పూట సెలవు కోసేస్తారు. ఎవరికి ఎన్ని పూటలు పోయాయో అందరికీ కంఠతా వచ్చు. పండక్కి పోయిన పూటలు, పిల్లాడి స్కూలుకు పోయిన పూటలు, అన్నీ తిరిగిమ్మని బల్ల చుట్టూ చేరారు. ఏనాడూ సమయానికి రాని ఒకాయన అందరికంటే గట్టిగా అరిచాడు. మేఘా తన జీవితకాలపు కృషి కళ్ల ముందే కూలిపోతుంటే చూస్తూ నిలబడింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. హితేష్‌భాయ్ మెషిన్ కంపెనీకి ఫోన్ చేశాడు. మనిషి వచ్చి తేల్చేదాకా ఎవరూ బయటికి పోకూడదని, తలుపు దగ్గర తన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

ఈ గొడవలో మధ్యాహ్నమైంది. బాత్రూమ్‌లో కూర్చుని పెంటయ్య పెట్టిన రొట్టె తింటుంటే ప్రథమేశ్‌కు ఇంటినుంచి ఫోన్ వచ్చింది.

"ఏడున్నవ్‌ర? మోరీ ఐపోయింది," అంది రత్నాబాయి. "నువ్వు రాకపోయే సరికి శివరాం మామనే సిమెంట్ దెచ్చి పెట్టిండు. గింత చిన్న పనికి నువ్వు సుట్టీ ఎందుకు వెట్టినవో ఏమో. ఆఫీసుకు పోవాల్సింది గదరా."

"ఆఫీసులనే ఉన్ననమ్మా," అన్నాడు ప్రథమేశ్. ఆ రోజు అప్పటిదాకా అతను ఫోన్‌లో చెప్పిన శుద్ధమైన నిజం అదొక్కటే. తల్లి సంతోషించి పెట్టేసింది.

పెంటయ్య రొట్టె నమలడం ఆపాడు. "ఏందీ? ఇది నీ ఆఫీసా?"

దాచి లాభం లేదు. ప్రథమేశ్ మొత్తం చెప్పాడు. విన్నంతసేపూ పెంటయ్య తువ్వాల నోట్లో కుక్కుకుని ఊగిపోయాడు.

"అంటే నీ పాయిఖాన నువ్వే పలగ్గొట్టుకుంటున్నవన్నట్టు! మా ఊర్ల జెప్తే నమ్మరు తమ్మీ."

"నవ్వకు అన్నా. నౌకరీ పోతది. మాట్లాడితే గొంతు గుర్తుపడతరు."

"నువ్వు నోరు మూస్కో. నేను జూస్కుంట," అని పెంటయ్య పెద్దరికం వహించాడు.

మెషిన్ కంపెనీ కుర్రాడు వచ్చి మెషిన్ విప్పాడు, ఊదాడు, మూశాడు. ఏ లోపమూ లేదన్నాడు. హితేష్‌భాయ్‌కి అవమానమైంది. "లోపం లేదా? కూలీలందరినీ పిలవండి. వేళ్లు పెట్టించండి. ఇప్పుడే చూపిస్తాను." ఆఫీసంతా కుర్చీలు తిప్పుకుని చూడ్డానికి కూర్చుంది. తమ పూటల సెలవులన్నీ ఆ నలుగురి బొటనవేళ్ల మీదే ఆధారపడి ఉన్నాయి మరి.

మొదటి కూలీ పెట్టాడు. మెషిన్ మళ్లీ ప్రయత్నించమంది. రెండోవాడికీ అదే మాట. పెంటయ్య వేలు అరిగి అరిగి నున్నగా అయిపోయి ఉంది. మెషిన్ దాన్ని వేలుగానే గుర్తించలేదు. ఆఫీసు నిట్టూర్చింది. ప్రథమేశ్ వంతు వచ్చింది. చిటికెన వేలు పెట్టబోయాడు.

"బొటనవేలు," అన్నాడు హితేష్‌భాయ్. "కుడిది. ఆ తువ్వాల కూడా తియ్యి, మొహం కనబడనీ."

తువ్వాల తీశాడు. దాని కింద ఉన్న మొహం సున్నం, సిమెంటు, చెమట కలిసి ఎండిపోయి గోడలా ఉంది. ఇక ఐపోయిందనుకుని కళ్లు మూసుకుని వేలు పెట్టాడు.

"థాంక్యూ," అంది మెషిన్.

తెర మీద ప్రథమేశ్ పేరు వచ్చింది. పేరు పక్కన చేరిన రోజు తీసిన ఫోటో కూడా వచ్చింది. అందులో నూనె రాసి దువ్విన తల, టై. అందరూ ఫోటో చూశారు. ఇతన్ని చూశారు. మళ్లీ ఫోటో చూశారు.

"కొంచెం పోలిక ఉంది కదా?" అంది కాజల్.

"ఎక్కడుంది పోలిక?" హితేష్‌భాయ్ విసుక్కున్నాడు. "ప్రథమేశ్ తెల్లగా ఉంటాడు. వీడికి భుజాలున్నాయి. చూశావా మేఘా? మెషిన్ పాడైందని రుజువైపోయింది!"

ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. లేట్ మార్కులు రద్దయిపోయాయి. ప్రథమేశ్ గండం గడిచింది. ఆ క్షణంలో అతను ఎగిరి గంతెయ్యాలి. కానీ అతనికి చాలా బాధ కలిగింది. ఆరు నెలలు ఈ మనుషుల పక్కన కూర్చున్నాడు. కాజల్ డబ్బాలోంచి పచ్చడి తిన్నాడు. చాయ్ తెమ్మంటే తెచ్చాడు. చొక్కా విప్పి తట్ట ఎత్తితే వీళ్లలో ఒక్కరికీ అతను తెలియలేదు. మెషిన్ ఒక్కటే గుర్తుపట్టింది. దాన్ని కూడా పాడైందంటున్నారు.

హితేష్‌భాయ్ ఉత్సాహం అక్కడితో ఆగలేదు. "నీ పేరేంటి?" అని అడిగాడు.

"రాకేష్ సార్," అన్నాడు పెంటయ్య చప్పున. "మావోడే. మాటలు తక్కువ. చదువుకున్నడు గూడ."

"మాట్లాడడు కూడానా!" హితేష్‌భాయ్ ముగ్ధుడైపోయాడు. "మేఘా, పొద్దున్నుంచి చూస్తున్నాను. వీడు ఒక్కసారి కూర్చోలేదు. బీడీ తాగలేదు. ఫోన్ తియ్యలేదు. ఇలాంటివాడు మన ఆఫీసులో ఒక్కడున్నాడా? ఆ ప్రథమేశ్ ఉన్నాడు, కుర్చీకి చక్రాలుంటే అటూ ఇటూ తిరగడమే పని. పైగా జ్వరం. వాణ్ణి ఖాయం చేసి నేనేం బావుకోవాలి? ఆ కుర్చీ ఈ రాకేష్‌కి ఇచ్చేద్దాం. రెండు నెలల్లో బుకింగు నేర్చుకుంటాడు. ప్రథమేశ్‌కి ఇప్పుడే ఫోన్ చేసి, సోమవారం నుంచి రావద్దని చెప్పు."

మెషిన్ ఓడిపోయిన కోపంలో ఉన్న మేఘాకు ఎవరో ఒకరి మీద అది తీర్చుకోవడం అవసరం. కిటికీ వైపు తిరిగి ఫోన్ కలిపింది. ప్రథమేశ్ చెడ్డీ జేబు వణకసాగింది. పెంటయ్య ఎత్తొద్దని కళ్లతో సైగ చేశాడు. కానీ పొద్దున్నుంచి పరిగెత్తి పరిగెత్తి, అబద్ధం వెనక అబద్ధం మోసి, ప్రథమేశ్‌కు ఓపిక అయిపోయింది. ఉద్యోగం ఎలాగూ పోయింది. ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాడు.

"హలో, చెప్పండి మేడం."

"ప్రథమేశ్, ఏమీ అనుకోకు. సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు. నీ చోటులో ఇంకొకర్ని తీసుకున్నాం."

"ఎవర్ని మేడం?"

"ఇక్కడే ఒక కూలీ కుర్రాడు..." మేఘా ఆగింది. ఆ ప్రశ్న ఆమెకు ఒక చెవిలో ఫోన్ నుంచి, రెండో చెవిలో వీపు వెనకనుంచి వినబడింది. మెల్లిగా వెనక్కి తిరిగింది.

సిమెంటు మొహం కుర్రాడు చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని ఆమెకు నమస్కారం పెట్టాడు. "నేనే మేడం."

ఆఫీసంతా కుర్చీల్లోంచి లేచి నిలబడింది. మెషిన్ కంపెనీ కుర్రాడు మాత్రం తన సంచి సర్దుకుంటూ, "నేను ముందే చెప్పాను, లోపం లేదని," అని వెళ్లిపోయాడు. ఆ మాటతో రద్దయిన లేట్ మార్కులన్నీ మళ్లీ బతికాయి. ఆఫీసంతా ప్రథమేశ్ వైపు గుర్రుగా చూసింది. కాజల్ అయితే, "ఇంట్లో పడుకుని ఉంటే నీ సొమ్మేం పోయేది?" అని పైకే అనేసింది.

హితేష్‌భాయ్ మొహం రకరకాల రంగులు మారింది. దగ్గరికి వచ్చి, ప్రథమేశ్ చెంప మీద వేలితో గీకి చూశాడు. సిమెంటు ఊడింది, ప్రథమేశ్ కనిపించాడు.

"జ్వరమని అబద్ధం చెప్పావు."

"చెప్పాను సార్. ఇంట్లో మోరీ కారుతోంది. మోరీ అంటే మీరు సెలవివ్వరు."

"ఇవ్వను. మరి ఇక్కడికెందుకు వచ్చావు?"

"నేను రాలేదు సార్. నన్ను తీసుకొచ్చారు. మొహం చూస్తే తెలిసిపోతుందని ఆగకుండా పనిచేశాను. కావాలని కాదు."

హితేష్‌భాయ్ మనసులో లెక్క వేసుకున్నాడు. ఇంతమంది ముందు తీసేశానన్నాడు. ఇంతమంది ముందే తీసుకున్నానని కూడా అన్నాడు. వ్యాపారంలో మాట తప్పకూడదని అందరికీ రోజూ నీతులు చెప్పే మనిషి. అటుచూస్తే అబద్ధమాడిన గుమాస్తా, ఇటుచూస్తే కూర్చోకుండా పనిచేసిన కూలీ. ఇద్దరికీ కలిపి ఒకటే మొహం ఉంది. ప్రథమేశ్ రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు. చాల్ అంతా తిరిగి కుర్చీ గురించి చెప్పుకున్న తల్లి గుర్తుకొచ్చింది.

"సరే," అన్నాడు హితేష్‌భాయ్ చివరికి. "ప్రథమేశ్‌ని తీసేశాను. అది వెనక్కి తీసుకోను. ఇసుక మోసిన కుర్రాణ్ణి పెట్టుకుంటానన్నాను, అది కూడా వెనక్కి తీసుకోను. సోమవారం వచ్చి చేరు. కొత్తవాడివి కాబట్టి మామూలే, ఆరు నెలల ప్రొబేషన్."

ప్రథమేశ్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్కనే ఉన్న తన కుర్చీలో కాజల్ దుపట్టా మీద కూలబడ్డాడు.

"లే. ఆ కుర్చీ సోమవారం నుంచి," అన్నాడు హితేష్‌భాయ్.

"ఔ తమ్మీ, లే," అన్నాడు పెంటయ్య కూడా. "తట్ట నిండింది."

ప్రథమేశ్ లేచి తట్ట ఎత్తుకున్నాడు. మేఘా కళ్లు తుడుచుకుని తన కంప్యూటర్ ముందు కూర్చుంది. తన మెషిన్ నిర్దోషి అని తేలాక ఆమెకు లోకం మీద మళ్లీ నమ్మకం కుదిరింది.

"సార్, మరి ప్రథమేశ్‌కి ఇవాళ ఏం వెయ్యమంటారు? సెలవా, హాజరా?"

"జ్వరం లేనప్పుడు సెలవెక్కడిది? వచ్చాడు, వేలు పెట్టాడు, పని కూడా చేశాడు. హాజరే వెయ్యి."

మేఘా హాజరు వేసింది. తర్వాత మెషిన్లో వేలు పెట్టిన సమయం చూసి, దాని పక్కనే లేట్ మార్కు కూడా వేసింది.